ఎఫెక్టు మాహాత్మ్యము

పూర్వకాలమున పాట చెడినచో ఎవరినో ఒకరిని తిట్టుకొనుటకు వీలుండెడిది. గాయకుడు ఎదుటనుండగా తిట్టుటకు మొగమోటమైనచో హార్మనీవానిని, హార్మనీవాడు బంధువైనచో మద్దెలవానిని, వారిరువురును మన యూరివారే యైనచో ముందు వరుసలో కూర్చుండి దగ్గిన పెద్దమనిషిని తిట్టుకొని, మనసు తేలికపడి, ఇంటికి పోయి నిద్రించెడివారు. ఆ సౌలభ్యము నేడు లేదు. నేడు పాట చెడినచో దోషము పాడినవారిది గాదు, వాయించినవారిది గాదు, కట్టినవారిది గాదు. "మిక్సులో ఎఫెక్టులు చాలలేదు" అని మూడు మాటలలో తీర్పు వెలువడును, ఆ తీర్పుపై అప్పీలు లేదు. పాట బాగుండినచో? అప్పుడును ఆ ఘనత ఎఫెక్టులదే. అపకీర్తి వచ్చినపుడు తాను చాలకపోవుటచేతను, సత్కీర్తి వచ్చినపుడు తాను చాలుటచేతను ఉభయత్ర తానే వెలుగుచున్న ఈ నూతన దైవము యొక్క మాహాత్మ్యమును స్వయముగ చెవులార అనుభవించినవాడను గనుక, లోకోపకారార్థము వివరింప బూనితిని.

మా మేనల్లుడొకడు డాబా మీది గదిలో రికార్డింగు స్టూడియో పెట్టినాడు. స్టూడియో యనగా భయపడవలదు: ఒక కంప్యూటరు, ఒక హెడ్‌ఫోను జత, నాలుగు మైకులు, గోడలకు అంటించిన నల్లని స్పాంజి పలకలు, వీనికన్నిటికిని తోడు అంతులేని ఆత్మవిశ్వాసము. మొన్నటి రోహిణి కార్తెలో మా యెదురింటి బాలిక తోడిరాగమున నొక కీర్తన పాడగా, ఆమె బామ్మగారు వీణ వాయింపగా, తల్లి తంబురా మీటగా, వృద్ధులైన మృదంగ విద్వాంసులొకరు లయ నిలుపగా, నలువురును ఒక్క గదిలో ఒక్క జంపఖానా మీద కూర్చుండి వినిపించిన ఆ కీర్తనను మావాడు నాలుగు మైకులతో పట్టి నాలుగు ఛానెళ్లలో భద్రపరచెను. ఎండకు తాళలేక పంకా ఆపుటకు మాత్రము ఎవరును ఒప్పుకొనలేదు. ఆ పంకా గుయ్యిమను చప్పుడు దక్క ఆ గానమున నాకు వేరొక దోషము కానరాలేదు.

మరునాడు మిక్సింగు చూచుటకు రమ్మని ఆహ్వానము వచ్చినది. పోయి చూతును గదా, తెర మీద నాలుగు నిలువు పట్టెలు. ఒక్కొక్క పట్టె ఒక్కొక్క ఛానెలు. అడుగున శబ్దమును హెచ్చించి తగ్గించు ఫేడరు. పైన ఒకదాని క్రింద నొకటిగ ఖాళీ గళ్లు. ఆ గళ్లను చూడగానే మావాని చేతులు, ఖాళీ విస్తరిని చూచిన వడ్డనవాని చేతులవలె, ఊరకుండలేకపోయినవి. ఈక్వలైజరు, శ్రుతి దిద్దునది, రివర్బు, కంప్రెసరు, గేటు, ఎక్సైటరు, కోరసు — ఛానెలునకు 7 చొప్పున 4 ఛానెళ్లకు 28 ఎఫెక్టులు బారులు తీరినవి. మృదంగమునకు సైతము శ్రుతి దిద్దునది పడినది; పంక్తిభేదము కూడదని కాబోలు. అప్పటికింకను ఆ రికార్డింగులో ఒక్క అక్షరమైనను వాడు వినియుండలేదని మనవి.

"ముందు ఒక్కసారి విని చూడరాదుట్రా?" అంటిని.

"ఎఫెక్టులు లేకుండా వింటే ఏం తెలుస్తుంది మామయ్యా? అది పచ్చి మిక్సు. ఎవరూ వినరు" అన్నాడు.

నాడి చూడకయే మందుచీటీ వ్రాయు వైద్యుని గూర్చి వింటిమి గాని, రోగి ఇంకను వీధిలో చెప్పులు విడుచుచుండగనే ఇరువదియెనిమిది సీసాలు మూతలు తీసి సిద్ధపరచు వైద్యుని చూచుట నాకదే ప్రథమము.

ఇక చికిత్సాక్రమమును వినుడు. మొట్టమొదట పంకా చప్పుడును తీసివేయవలెనని సంకల్పించినాడు, సంకల్పము మంచిదే. ఇందులకొక సాధనము కలదు. "ఇదిగో, రొద యనగా ఇది" అని రికార్డింగులో నొక చిన్న ముక్కను దానికి చూపవలెను. అది ఆ ముక్క స్వరూపమును నేర్చుకొని, తక్కిన పాట యంతటను అటువంటిది ఎచ్చటనున్నను వెదకి అణచును. చూపువానికి ఏది రొదయో తెలిసియుండవలెననునది యొక్కటే నిబంధన. మావాడు గాత్రపు ఛానెలులో పాట ఎత్తుకొనక మునుపున్న నాలుగు సెకండ్లను చూపినాడు. ఒక్క గదిలో కూర్చున్నవారు గదా, ఆ నాలుగు సెకండ్లలో పంకాతో పాటు పక్కనున్న తంబురాయును ఆ మైకులో పడియున్నది. ఎడతెగక ఒకే తీరున మ్రోగునది రొద గాక మరేమగునని ఆ యంత్రము తలపోసినది. పాపము, దాని తప్పేమియు లేదు. మన సంగీతమంతయు ఏ శ్రుతి నాశ్రయించి నిలిచియున్నదో ఆ శ్రుతి పంకాతో సహపంక్తిని కూర్చుండబెట్టబడి, అటుపిమ్మట పంకాతో కలసి వీధిలోనికి ఊడ్చివేయబడినది. ఊడ్పు గట్టిగ పడిన చోట్ల బాలిక గొంతు, చెరువులో మునిగి బుడగల నడుమ మాటలాడుచున్నట్లు వినవచ్చినది.

అంతటితో నాగియున్నచో ఈ వ్యాసము వ్రాయ పనిలేకపోయెడిది. శుద్ధి జరిగిన ధ్వని "మరీ చల్లగా, డిజిటల్‌గా" ఉన్నదట. దానికి "వెచ్చదనము" కావలెనట. అందులకై గాత్రమునకు ఎనిమిదవ గడి తెరచి, పాతకాలపు టేపు రికార్డరును అనుకరించు ఎఫెక్టు నొకదానిని దింపి, అందులో టేపు బుసను కలుపు మీటను పైకి త్రిప్పినాడు. రే డాల్బీ యను ఇంజనీరు 1965లో లండనులో సంస్థను స్థాపించి, మొట్టమొదట చేసిన పని స్టూడియో టేపులలోని ఈ బుసను అణచుట. ఆ పనితో మొదలైన ఆయన పేరే తరువాత లోకమందలి సినిమాహాళ్ల గోడల కెక్కినది. ఆ తరమువారు అంత శ్రమపడి వెడలగొట్టిన బుసను ఈ తరమువారు వెలయిచ్చి ఇంటికి పిలుచుకొనుచున్నారు. ఇల్లు శుభ్రముగ ఊడ్చుకొని, అటుపిమ్మట బజారునుండి దుమ్ము పొట్లము కొనితెచ్చి గది నిండ చల్లుకొను గృహస్థుడు భూప్రపంచమున కలడా యని సందేహించువారు మా డాబా యెక్కి చూడవచ్చును.

తంబురా సొంత ఛానెలునకు జరిగిన మర్యాద ఇంకను గొప్పది. దానికి ఎక్సైటరును తగిలించిరి. ధ్వనిలో లేని పై అనుస్వరములను పుట్టించి మెరుగు తెచ్చుట దీని వృత్తి. తంబురా బుర్ర మీది గుర్రమునకును తీగకును నడుమ మనవారు ఒక నూలుపోగును దూర్చుదురు. ఆ పోగు సరియైన తావునకు జరిగినంతనే తీగ జీవము పోసుకొని, ఒక్క మీటులో అనుస్వరముల పరంపరను వెదజల్లును. విద్యుత్తు లేనినాడే మనవారు నూలుపోగుతో సాధించిన ఎఫెక్టు అది. దాని మీద మరల మెరుగుపెట్టుట, వెన్నెలలో లాంతరు వెలిగించి వెన్నెల ఇప్పుడు బాగున్నదనుటయే.

తరువాత శ్రుతి దిద్దుట. ఈ జాతి సాధనములకు మూలపురుషుడు ఆటోట్యూన్. దాని సృష్టికర్త ఆండీ హిల్డెబ్రాండ్ భూమిలోనికి తరంగములను పంపి, మరలివచ్చిన ప్రతిధ్వనులను గణించి, చమురు జాడ కనిపెట్టు విద్యలో ఆరితేరినవాడు. ఆ గణితమునే కంఠస్వరము వైపు మరలించి 1997లో దీనిని వెలువరించెను. మరుసటి యేడు షేర్ అను గాయని తన 'బిలీవ్' పాటలో దానిని బుద్ధిపూర్వకముగ వికృతముగనే వాడి, యంత్రము పాడినట్టి గొంతును లోకమునకు వినిపించినది. ఆమె కోరినది అదియే, ఆమెకు దొరకినది అదియే. ఇందులో మనము నవ్వవలసినది లేదు. నవ్వవలసినది తోడిరాగము వద్ద. ఈ సాధనమును ఉన్నదున్నట్లు వదలినచో, దానికి తెలిసినవి పన్నెండు మెట్లు. స్వరము మెట్టు మీద నిలిచియున్నచో సాధువు, రెండు మెట్ల నడుమ కనబడినచో దొంగ, పట్టి సమీపమున నున్న మెట్టెక్కించవలెను. తోడిలోని గాంధారమో, నిలుచుటకు పుట్టినది గాదు, ఊగుటకు పుట్టినది. ఆ కంపితమే దాని ఊరును పేరును. బాలిక పదేండ్లు సాధకము చేసి అభ్యసించిన ఆ ఊగులాటను యంత్రము పదేండ్ల అపరాధముగ నెంచి, గాంధారమును మెట్టు మీద నిలబెట్టి మేకు కొట్టినది. విన్న మృదంగ విద్వాంసులు తరువాత నన్నడిగిరి: "అమ్మాయి తోడి పాడిందనుకున్నానే, ఇదేం రాగమండీ?" నాకు జవాబు తోచలేదు. పన్నెండు మెట్ల రాగమని చెప్పుటకు నోరు రాలేదు.

కంప్రెసరు కథ కొంత విస్తరింపదగినది. దీని ధర్మము మీటరు మీద నొక గీతను గీచి, ఆ గీతను దాటిన ధ్వనిని అణచుట. నిష్పత్తి నాలుగుకు ఒకటి యని పెట్టినచో, గీతను 8 డెసిబెళ్లు దాటబోయిన స్వరము 2 డెసిబెళ్లే దాటగలుగును. రేడియో ప్రసారమున ధ్వని హద్దుమీరి ట్రాన్స్‌మిటరునకు చేటు తేకుండుటకును, రికార్డు కోయునపుడు సూది గాడి తప్పకుండుటకును ఈ వంశము పుట్టినది. అరువదేండ్లకు పూర్వపు ఫెయిర్‌చైల్డ్ 670 అను కంప్రెసరులో 20 వాక్యూము ట్యూబులు. బరువు సుమారు 30 కిలోలు. వెల సామాన్యుల ఊహకందనిది. గొప్ప స్టూడియోలలో సైతము అట్టివి ఒకటో రెండో యుండెడివి. ఒకటే యున్నది గనుక, దానిని గాత్రమునకు వేయుదమా, మొత్తము పాటకు వేయుదమా యని ఇంజనీరు పాటను పదిసార్లు వినవలసివచ్చెడిది. పదిసార్లు విన్నవానికి పదకొండవసారి అసలు వేయనక్కరలేదని తోచుటయు కలదు. ఆ 30 కిలోల యినుములో యంత్రముతో పాటు వివేకమును దాగియుండెనని ఇప్పుడు తెలియుచున్నది. నేడు ఆ యంత్రపు బొమ్మ, మీటలతోను ముల్లుతోను తెర మీద నుండును. బరువు లేదు, ట్యూబులు లేవు, ఎన్ని కావలసిన నన్ని నకళ్లు. వేలు కదలినంతనే ఏబది ఛానెళ్లలో ఏబది. లేమి నేర్పిన విచక్షణను కలిమి మరపించినది.

అట్టి కంప్రెసరును మావాడు గీత మిక్కిలి దిగువన గీచి మృదంగము మీదికి వదలినాడు. విద్వాంసులు చరణమున మెల్లగ, చెవి యొగ్గి వినవలసినంత మెల్లగ నడపి, చివరి తీర్మానమున ఒక్కసారిగ ఎత్తిన ఆ యెత్తు నేలమట్టమైనది. గుసగుసయు గర్జనయు ఒకే యెత్తున, కందిచేనును రంపముతో సమముగ కోసినట్లున్నవి. అంతేకాదు, రివర్బును ముందును కంప్రెసరును దాని క్రిందను పెట్టుటచేత, దెబ్బ పడినపుడు అణగి, దెబ్బ తగ్గినపుడెల్ల వెనుకనుండి గది ప్రతిధ్వని ఉబ్బి పైకి వచ్చుచున్నది. గళ్లలో ఏది ముందు, ఏది వెనుక యను విచారణ యక్కరలేదనువారు ఒకపూట తాంబూలము ముందు వేసికొని భోజనము తరువాత చేసి చూతురు గాక.

దాని క్రింద గేటు. ధ్వని ఒక హద్దునకు తగ్గగానే తలుపు మూయుట గేటు పని. డ్రమ్ముల మైకులో పక్క వాద్యముల చప్పుడు దూరకుండుటకు ఇది మిక్కిలి ఉపకారి. వీణకిది చేసిన ఉపకారము వేరు. వైణికులు తీగను ఒక్కసారి మీటి, ఆ నాదము సన్నగిల్లుచుండగనే మెట్టు మీద తీగను పక్కకు లాగి, రెండవ మీటు లేకయే మూడు నాలుగు స్వరములను పలికింతురు; వీణ యందలి మాధుర్యమంతయు ఆ సన్నగిల్లు చోటనే యున్నది. సరిగ నచ్చటనే గేటు తలుపు వేసికొనినది. బామ్మగారు మీటినట్లును, మీటి భయపడి వెంటనే తీగను అరచేతితో మూసినట్లును వినబడుచున్నది. డెబ్బదియేండ్ల యిల్లాలికి ఆ అపకీర్తి రావలసినది గాదు.

ఇక రివర్బు. ఇది గది యొక్క గుణము. గోడలనుండి మరలివచ్చు ధ్వనుల సమూహము. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఒక ఉపన్యాసశాలలో పలికిన మాట సుమారు 5.5 సెకండ్ల వరకు చావక తిరుగాడుచుండుటచే, విద్యార్థులకు పాఠము బోధపడక, దాని యంతు చూడుమని వాలెస్ సేబిన్ అను యువ ఆచార్యుని నియోగించిరి. ఆయన రాత్రివేళ మరొక శాలనుండి కుర్చీల మెత్తలు మోసికొనివచ్చి పరచి, చెవితోను గడియారముతోను కొలిచి, ప్రతిధ్వనిశాస్త్రమునకు పునాది వేసెను. ప్రతిధ్వనిని తగ్గించుటకు మెత్తలు మోసిన మహానుభావుని శాస్త్రమునకు మావాడు మనుమడు. వీడు పలకలతో గదిలోని సహజ ప్రతిధ్వనిని చంపి, అటుపిమ్మట సాఫ్ట్‌వేరులో కృత్రిమ ప్రతిధ్వనిని ఏరుకొనుచున్నాడు.

కృత్రిమమైనంత మాత్రమున నింద్యమనను. 1947లో షికాగోలో బిల్ పట్నం ఒక హార్మోనికా బృందపు పాటకు స్నానపు గదిలో స్పీకరును మైకును పెట్టి ప్రతిధ్వని తెచ్చెను, లోకము మెచ్చినది. మనకు 'మాయాబజార్' వచ్చిన 1957లోనే జర్మనీలో ఈఎంటీ 140 అను రివర్బు యంత్రము వచ్చినది. పెట్టెలో వ్రేలాడదీసిన పెద్ద ఉక్కురేకు, బరువు సుమారు 270 కిలోలు. అంతటి యంత్రము పలు స్టూడియోలలో ఒక్కటే గనుక, అన్ని ఛానెళ్లనుండియు సెండు అను దారిని తలా కొంచెము ధ్వనిని ఆ యొక్క రేకునకే పంపెడివారు. గాత్రమును వాద్యములును ఒక్క హాలులో కూర్చున్నట్లు వినబడుటకు అదియే కారణము. మావాడు సెండు జోలికి పోలేదు. ఛానెలునకొక రివర్బు, రివర్బున కొక ప్రీసెట్టు: గాత్రమునకు ఐరోపాలోని చర్చి, వీణకు స్నానపు గది, మృదంగమునకు కొండగుహ, తంబురాకు క్రీడారంగము. ఒక్క జంపఖానా మీద మోకాలికి మోకాలు తగులుచు కూర్చున్న నలుగురును ఒక్క రాత్రిలో నాలుగు దేశములు పట్టిపోయిరి. చర్చిలో చిక్కిన బాలిక అనుపల్లవి నెత్తుకొనునప్పటికి పల్లవి ఇంకను గోపురమున తిరుగాడుచుండుటచే, తన పాటకు తానే అడ్డు వచ్చుచున్నది. మన గోల్కొండకోట సింహద్వారము కడ చరచిన చప్పట్లు కొండ మీది బాలాహిస్సారులో వినబడునట్లు కట్టిన శిల్పులకు ఆ ప్రతిధ్వనితో ఒక పని యుండెను: శత్రువు వచ్చినాడని తెలియుట. మావాని ప్రతిధ్వనికి పని యేమని అడిగితిని. "ఫీల్ వస్తుంది మామయ్యా" అన్నాడు.

ప్రీసెట్టుల పేర్లు చదివినంతనే సగము మోక్షము. ఒకటి 'దివ్యగాత్రము', ఒకటి 'వెచ్చని వెల్వెట్టు', ఒకటి 'రేడియోకు సిద్ధము'. ఎవరో, ఎక్కడో, ఏదో మైకులో ఏదో గొంతు పాడగా విని, ఆ గొంతుకు తగినట్లు త్రిప్పిన మీటల తీరునకు పెట్టిన పేర్లవి. పరాయివాని కళ్లజోడు బంగారు చట్రముదైనను దానితో మన పంచాంగము చదువుట యెట్లు?

ఇక ఈ మాహాత్మ్యమునందలి ప్రధానఘట్టమునకు వచ్చితిని. వీణ వెనుకబడినట్లున్నదని మావాడు మంద్ర తారాది ధ్వనులను వేరువేరుగ హెచ్చించి తగ్గించు దాని ఈక్వలైజరును తెరచి, మూడువేల హెర్ట్జుల వద్ద నొక చుక్కను పట్టి, మెల్లమెల్లగ పైకి లాగుచు, కన్నులు మూసికొని, తల యూపుచు, "విన్నారా మామయ్యా, ఇప్పుడు ముందుకొచ్చింది" అన్నాడు. నేనును విన్నాను. దాచనేల? నాకును ముందునకు వచ్చినట్లే వినబడినది. "ఇంకొంచెము" అంటిని. ఇంకొంచెము లాగినాడు. "అబ్బ!" అంటిని. పది నిమిషము లిట్లు గురుశిష్యులము తన్మయులమై యుండగా, మావాని దృష్టి ఆ ఎఫెక్టు పక్కనున్న చిన్న బొత్తము మీద పడినది. అది మొదటినుండియు బైపాసులో నున్నది. అనగా మే మిరువురము పది నిమిషములు త్రిప్పిన మీటలకును, చెవుల బడిన వీణకును, బోడిగుండునకును మోకాలికిని గల సంబంధమెంతయో అంతయే సంబంధము. గదిలో కొంతసేపు కంప్యూటరు పంకా తప్ప మరేమియు మాటలాడలేదు.

ఈ వృత్తిలో నున్నవారిలో ఈ యవమానము నెరుగనివారు అరుదట, ఒప్పుకొనువారే అరుదు. కన్ను చెప్పినదానిని చెవి వినును. తెర మీద గీత పైకి లేచినచో వీణయును లేచినట్లే తోచును. ఇదియొక మాయ. దీనికి తోడబుట్టిన రెండవ మాయ బిగ్గరతనము. బెల్ ప్రయోగశాలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు 1933లోనే కొలిచి చూపినదేమనగా, ధ్వని మెల్లగ నున్నపుడు మన చెవి మంద్రస్వరములను సరిగ పట్టజాలదు, ధ్వని హెచ్చినకొలది అవి నిండుగ వినవచ్చును. కావున అదే పాట ఒకటి రెండు డెసిబెళ్లు హెచ్చినంతనే నిండైనట్లు తోచును. పలు ఎఫెక్టులు తగిలించినంతనే ధ్వని ఆ మాత్రము హెచ్చనే హెచ్చును. మనము దానిని ఎఫెక్టు మహిమ యని మ్రొక్కుదుము. ఫేడరును వెండ్రుకవాసి పైకి నెట్టినను ఇదే మహిమ దొరకును, కాని ఫేడరు పాతది, ఊరకే వచ్చునది, దానికి ప్రీసెట్టు లేదు, అట్టిదానికి భక్తులెవరు?

బిగ్గరతనపు భక్తి పరాకాష్ఠ నొందు స్థానము చిట్టచివరి మాస్టరు ఛానెలు. అచ్చట ధ్వనిని హద్దు దాటనీయని లిమిటరును పెట్టి, పాట నంతటిని కప్పునకు ఆనునట్లు నెట్టి, తెర మీది తరంగము ఇటుకవలె చదరమైన పిదప మావాడు "ఇప్పుడు ఎవరి పాట పక్కన పెట్టినా మనదే గట్టిగా ఉంటుంది" అని మీసము దువ్వినాడు. ఐరోపా ప్రసారసంస్థల సమాఖ్య 2010లోనే బిగ్గరతనమును కొలిచి సరిచేయు ప్రమాణము వెలువరించినది. నేడు పాటలు వినిపించు స్పాటిఫై వంటి సేవలు ప్రతి పాటను కొలిచి, మామూలుగ −14 ఎల్‌యూఎఫ్‌ఎస్ అను మట్టమునకు తెచ్చి వినిపించును. ఎంత అరచిన పాటనైనను ద్వారము వద్దనే ఆపి, గొంతు తగ్గించి లోనికి పంపు ద్వారపాలకుడున్నాడని యర్థము. అరుపు ద్వారము వద్దనే యుండిపోవును; అరచుటకై విరుచుకొనిన నడుము మాత్రము లోనికి విరిగియే వచ్చును.

"గొప్ప గొప్ప ఇంజనీర్లందరూ వాడుతున్నారు గదా" అనునది ఈ పక్షమువారి బ్రహ్మాస్త్రము. వాడుచున్నారు; నిజమే. శస్త్రవైద్యుడును కత్తి వాడును, దానిని చూచి ఇంటింట పొట్ట కోసికొనుచున్నామా? వారు ఏ ఛానెలున ఏ ఎఫెక్టు నేల వేసిరో చెప్పగలరు, ఏల వేయలేదో అంతకంటె బాగుగ చెప్పగలరు. కాశ్మీరదేశపు క్షేమేంద్రుడు పదునొకండవ శతాబ్దముననే కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని చెప్పి, మొలనూలును మెడకును, హారమును నడుమునకును తగిలించుకొనినవారిని చూచి నవ్వనివారుందురా యని యడిగినాడు. మొలనూలు బంగారమే, హారము ముత్యములదే. తప్పు నగలలో లేదు.

మద్రాసు స్టూడియోలలో మన సినిమాపాటలకు మహర్దశ పట్టిన ఘంటసాలవారి కాలమున గాయకులును వాద్యబృందమును ఏకకాలమున, కొలది మైకుల ముందర, ఆసాంతము తప్పు లేకుండ పాడి వాయింపవలసి యుండెను. ఎవరు మైకునకు ఎంత దూరమున నుండవలెనన్నదే ఆనాటి మిక్సింగులో పెద్దపాలు. నాలుగడుగులు వెనుకకు జరిగిన వయొలినువానికి ఆ నాలుగడుగులే ఎఫెక్టు. దానిని నిర్ణయించుటకు ఒకరు గాజు అద్దము వెనుక కూర్చుండి వినుచుండెడివారు. ఆ వినుటకు మాత్రము ఇంతవరకు ఎవరును ఎఫెక్టు చేయలేదు.

బైపాసు పరాభవము జరిగిన సాయంకాలము మావాని మనసు మెత్తబడియున్న సమయము చూచి, "ఒరే, అన్నీ తీసివేసి ఒక్కసారి వినిపించు" అని బ్రతిమాలితిని. అన్నిటిని తీసినాడు, ఊడ్చిన తంబురా తిరిగి వచ్చినది, చర్చిలో తప్పిన బాలిక ఇల్లు చేరినది. కళ్లు తెరకు దూరముగ త్రిప్పి, మొదట ఫేడర్లను, ధ్వనిని ఎడమకు కుడికి జరుపు మీటలను మాత్రము సరిచేసితిమి: మృదంగము మూడు డెసిబెళ్లు తగ్గినది, వీణ కొంచెము ఎడమకు జరిగి గాత్రమునకు చోటిచ్చినది. పంకా గుయ్యిమను చప్పుడు అడుగున నున్నది గనుక గాత్రమున 80 హెర్ట్జులకు దిగువను కోసితిమి. ఆ బాలిక గొంతు అంత క్రిందికి దిగదు గనుక నష్టమేమియు లేదు. ఒక్క చిన్న హాలు రివర్బును పెట్టి, గాత్రమును వీణను సెండు దారిని తలా పిసరు పంపితిమి. అంతే, 28కి పైబడినవానికి బదులు 2. ఒక గంట పట్టినది. అందులో ముప్పాతిక గంట వినుటకే పోయినది. బామ్మగారికి వినిపింపగా ఆమె రికార్డింగును గూర్చి ఒక్క మాటయు ననలేదు. "రెండో సంగతి దగ్గర తొందరపడ్డావే అమ్మడూ" అని మనుమరాలిని మందలించినది. మిక్సునకు ఇంతకంటె మెప్పు నేనెరుగను.

చదువరులలో ఇంట నిట్టి గదియు, నిట్టి మేనల్లుడును గలవారు చేయవలసినదొక్కటే. ఎఫెక్టును తగిలించినపుడెల్ల దానివలన హెచ్చిన బిగ్గరతనమును ముందు సరిసమానము చేయుడు. పిమ్మట కన్నులు మూసికొని, మరియొకరిచేత బైపాసు బొత్తమును ఇటునటు నొక్కించుకొని, ఏది ఎఫెక్టుతో నున్నదో ఏది లేనిదో చెప్పుడు. చెప్పలేకపోతిరా, ఆ ఎఫెక్టును తీసివేయుడు. చెప్పగలిగియు లేనిదే బాగున్నదని తోచెనా, మరింత త్వరగ తీసివేయుడు. ఆ బొత్తమునకు వేరుగ వెల లేదు. ప్రతి ఎఫెక్టుతోడను ఊరకే వచ్చును.